మూడు సెకన్లు

ఆత్మకూరు బస్టాండు ఎదురు మేడమీద
కంప్యూటర్ షాపు పెట్టుకున్న పిల్లోడు హర్షిత్
మా చెక్క గరిటెలకు పేజీ తెరిచిచ్చాడు.
మూడు వేలు కట్టాక చెప్పాడు:
"చూసేవాళ్ళ బొటనవేలు ఆగదు ఆంటీ,
మొదటి మూడు సెకన్లలో పట్టుకోవాలి."

మూడు సెకన్లలో నర్ది కొయ్య
నన్నే పట్టించుకోదు అబ్బయా.
దుర్గం కొండ దిగొచ్చిన కొమ్మ
నీడన ఆరి, బెరడు ఊడి,
బాడిసె దెబ్బకు ఒళ్ళు ఒప్పజెప్పి,
ఆకురాయి కింద పిండిపిండిగా రాలి
కాస్త గుంట పడేసరికి
అసర్ నమాజుకు పిలుపొస్తుంది.
మూడు సెకన్లలో నాకు చేతనైంది
కంట్లో పడ్డ పొట్టు తుడుచుకోవడం.

అయినా చేశాం.
మా మరిది కొడుకు ఇలియాజ్ ఫోటోలు తీశాడు.
ఫోన్లో నా గరిటె నున్నగా మెరిసి
ప్లాస్టిక్‌లా కనబడింది.
వాసన రాలేదు. బరువు రాలేదు.
పట్టుకుంటే లోపలెక్కడో
వెచ్చగా ఉంటుందే, అది అసలే రాలేదు.

శుక్రవారానికి
పదకొండు వేల నాలుగొందల మందికి చేరిందట.
ఉదయగిరిలో అంతమందిని ఒక్కచోట చూడాలంటే
గంధం రోజైనా కావాలి.
నేను వాకిట్లో నీళ్ళు చల్లించాను.

వచ్చినవాళ్ళు వీళ్ళు:
"హాయ్."
"ప్రైస్?"
"హాయ్ అన్నాను కదా."
బఠిండా నుంచి ఒకాయన, ఏం భాషో, మూడు పూలు, ఒక దండం.
లోన్ కావాలా మేడం, అని ఇద్దరు.
మీ పేజీకి పదివేల మందిని తెచ్చిపెడతాం, అని ఒకడు.
వాడి పేజీలో ఉన్నది నలభై మంది.
ఎవడో హాస్టలు కుర్రాడు
"దీంతో మా వార్డెన్ని కొట్టొచ్చా" అని, పక్కన నవ్వే బొమ్మలు.
బయట డజను తొంభైతొమ్మిదికి వస్తుంటే
మీది ఒక్కటే నూటపదా, అన్నావిడకు
ఏం చెప్పమంటావని ఇలియాజ్ అడిగాడు.
కాయలు కాసిన చేతులు చూపించాను.
ఆ చేతులే ఫోటో పెట్టమన్నాడు హర్షిత్.
"సెంటిమెంటు పనిచేస్తుంది ఆంటీ."

ఫోను మోగినప్పుడు చేతిలో బాడిసె ఉంటుంది.
అది దించి, చెయ్యి తుడుచుకుని, అద్దం మీద జరిపితే
దుమ్ము పట్టిన వేలిని అది గుర్తుపట్టదు.
తిరిగి చేస్తే
"ఎవరండీ? ఏ గరిటె? ఎప్పుడు?"
గంటలో మరిచిపోయే అవసరానికి
ఎంక్వైరీ అని పేరట.

హర్షిత్‌ని ఏమీ అనను.
వాడికీ అద్దె ఉంది, వాడి మెట్లూ ఎవరూ ఎక్కట్లేదు.
ఇంకో రెండు వేలు వేస్తే, అన్నాడు,
నా మొహం వైపు చూడకుండా.

తొమ్మిది రోజులకు దొరికింది ఒకటి,
పూల కింద, దండాల కింద కూరుకుపోయి.
కావలి నుంచి. రాత్రి పదకొండున్నరకు. ఉత్త గొంతు.
"అమ్మా, మా నాయనకు చెయ్యి వొణుకుద్ది.
స్టీలు చెంచా జారిపోతా ఉంది.
నేను తినిపిస్తానంటే ఒప్పుకోడు.
పిడి లావుగా, కాస్త వంపు పెట్టి చేసిస్తారా?"

అప్పుడే ఫోను చేశాను.
మోగింది, మోగింది, ఆగింది.
ఇలియాజ్ మెసేజి పెట్టాడు. ఒకటే టిక్కు.
ఇప్పటికీ ఒకటే టిక్కు.

అంతమందిలో నాకు కావలసిన ఒక్కరూ వచ్చి
తలుపు కొట్టి వెళ్ళిపోయారు.
నేను ఇంట్లోనే ఉన్నాను,
గరిటెలు చెక్కుకుంటూ.

ఆ చెంచా చేశాను.
పిడి ఎంత లావుండాలో తెలియక
నా చేతినే వొణికించి చూసుకున్నాను,
మూడుసార్లు, కళ్ళు మూసుకుని.
బిక్కి కొయ్య. తేలిక. లోపలికి చిన్న వంపు.

"దీన్ని ఫోటో తియ్యనా పెద్దమ్మా?"
వద్దన్నాను.

కావలి బస్సు పొద్దున ఆరున్నరకు ఉంది.
కావలి పెద్ద ఊరు.