శివారు

మా చేలకి నీళ్ళూ కబురూ ఒకే దారిన వస్తాయి.
లాకుల దగ్గర బయల్దేరి
పెద్ద కమతాల కడుపు నింపి
మిగిలితే, శివారుకి.

ఆ ఏడు సార్వాకి దోమ పడింది.
నీళ్ళు తీసి చేను ఆరబెట్టండని
ఆఫీసువాళ్ళు పంపిన మెసేజి
పాసుపుస్తకం ఎవరి పేరునుందో
ఆయన సెల్లుకే వెళ్ళింది.
భీమశంకరం గారు కాకినాడలో పళ్ళు కట్టించుకుంటున్నారట.
నోరు తెరిచి కూర్చున్న మనిషి
ఎవరికి చెబుతాడు?
ఇక్కడ, సుడులు సుడులుగా మాడిన చేలో
నేను.
నా పేరు ఏ కాగితంలోనూ లేదు.

రూతమ్మకీ కాగితం లేదు.
ఊడ్పుల ముఠాకి మేస్త్రి.
ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ట్రక్కు ఆటో,
కాట్రేనికోన నుంచి కరప దాకా
వాళ్ళు నడుం వంచని చేను లేదు.
ఎవరి ఆకుమడి పసుపెక్కింది,
ఎవరు బాటలు తీసి ఊడ్పించారు,
ఎవరి మందు డబ్బా మీద ఒక పేరు, లోపల ఇంకోటి,
సాయంత్రం కూలి లెక్కతో పాటు
ఈ లెక్కా అప్పజెప్పేది.
చదువుకున్నోళ్ళు దీన్ని ఏమంటారో.
మేం కబుర్లంటాం.

ఓ రోజు కొంగు ముడి విప్పింది.
వక్కలు, చిల్లర, వాటి మధ్య
గుప్పెడు వడ్లు.
"మురమళ్ళ అవతల ఓ కౌలాయన చేను బాబూ,
తొమ్మిది రోజులు నీళ్ళ కింద ఉండి
లేచి నిలబడింది.
అడిగే తెచ్చాన్లే, దొంగసొత్తు కాదు."
గింజకి నంబరు లేదు.
రూతమ్మ వడ్లు అందామన్నాను.
"నా పేరు పెడితే
మీ వీధిలో ఎవరు కొంటారు?" అని నవ్వింది.
నేను నవ్వలేదు.

గుప్పెడు కుంచమైంది. కుంచం బస్తాలైంది.
"ధర్మయ్యకి ఓ అర బస్తా ఇయ్యి" అంది.
ధర్మయ్యదీ నాదీ ఒకటే గట్టు.
దాళ్వాలో, వంతు నాదైన రాత్రి
నీళ్ళు తనవైపు తిప్పుకున్నాడు.
మర్నాడు అతని మురుగుబోదెకి
నేను మట్టికట్ట వేశాను.
అప్పట్నుంచి మాటల్లేవు.
"చచ్చినా ఇవ్వను" అన్నాను.
"మంచిది" అంది. కొంగు దులిపి ఆటో ఎక్కింది.

ఈ సార్వాకి మళ్ళీ ముంచింది.
ఎనిమిదో రోజుకి డ్రెయిను లాగింది.
బురద పూసుకుని నా చేను తలెత్తింది.
పక్కన, ఇంకా మోకాలి లోతు నీళ్ళలోంచే
ధర్మయ్య చేనూ ఎత్తింది.
అదే ఆకు. అదే పచ్చ.

కొంగుకి ఇంకో కొస ఉంటుందని
తట్టలేదు నాకు.

గట్టు మీద చుట్ట కాలుస్తూ
నావైపు చూశాడు.
నేను చూడనట్టు చూశాను.
పలకరించలేదు.
ఇంటికెళ్తూ మాత్రం, పార నా భుజానే ఉంది కాబట్టి,
ఆ మట్టికట్టకి నాలుగు పోట్లు వేశాను.
వెనక నీళ్ళు కదిలిన చప్పుడు.
చుట్ట వాసన కాసేపు
నా వెంటే వచ్చింది.