బొమికల లెక్క

ఆదివారం మామ పళ్ళెం పక్కన
నేల మీద ఒక చిన్న కుప్ప ఉంటాది.
చీకి చీకి తెల్లబడిన బొమికలు.
ఆ కుప్ప ఎంత ఎత్తుంటే
వంట అంత బాగున్నట్టు మా ఇంట్లో.

నేను మానేసి రెండేళ్ళు.
ఎందుకని అడిగినవాళ్ళకు
చెప్పడానికి కథేమీ లేదు.
ఒక పూట చెయ్యి ముద్ద కాడ ఆగింది,
మళ్ళీ కదల్లేదు. అంతే.
మొక్కా అనడిగింది అత్త.
కాదంటే, డాక్టరు చెప్పినాడా అనింది.
అదీ కాదంటే
"సరే, నువ్వు మానుకో తల్లీ,
మమ్మల్ని మానమనొద్దు" అనేసింది.
అనలేదు నేను.
గరిటె మాత్రం నా చేతిలోనే ఉండాది కదా.

మొదట మీల్‌మేకర్ చేసినాను.
దొరబాబు ఒక ముక్క నమిలి
గిన్నెలు తోమే స్పాంజి ఎక్కడుందో చూసుకోమన్నాడు.
పనసకాయ చేస్తే పిల్లోడు
పీచు మటన్ అని పేరు పెట్టి
రెండో ముద్దకే లేచిపోయినాడు.
పుట్టగొడుగుల్ని మామ కన్నెత్తి చూడలేదు.
అప్పుడు తెలిసింది నాకు,
అబద్ధమాడే కూరను
నాలుక కంటే ముందు ఆకలే పసిగడతాదని.

మార్గశిరం చలికి
గ్రీమ్స్‌పేట మలుపులో
అనపకాయలు గుట్టలుగా దిగినాయి.
తూకమేసే ఆమె చేతులకు
ఇంకా చేను వాసనే.
మూడు కేజీలు తెచ్చి, గింజలొలిచి
రాత్రంతా నానేసినాను.

తెల్లారితే ఆదివారం.
టీవీ ముందర తపేలా పెట్టి
"ఊరికే కూర్చున్నారు కదా, పితకండి" అన్నాను.
రెండు వేళ్ళ మధ్య నొక్కితే
తోలు చేతిలో ఉంటాది, పప్పు ఎగిరి పడతాది.
పిల్లోడు తాతకు గురిపెట్టి కొట్టినాడు.
తాత తిరిగి కొట్టినాడు.
మటన్ కొట్టుకు బయల్దేరిన దొరబాబు
సంచి చంకలో పెట్టుకుని
నిలబడే ఒక పిడికెడు,
కూలబడి ఇంకో పిడికెడు పితికేసరికి
పదకొండు.
"ఇంకేముంటాది కొట్టులో, కత్తి కడిగిన నీళ్ళు" అనింది అత్త.
సంచి మళ్ళీ మేకుకెక్కింది.

మసాలా మటుకు ఏమీ తగ్గించలేదు.
ధనియాలు, గసాలు, పట్టా, లవంగం,
కొబ్బరి, మాడీమాడనట్టు వేయించిన ఎర్రగడ్డలు,
అల్లం తెల్లగడ్డ దండిగా.
మిక్సీ ముట్టకుండా రోట్లో నూరినాను.
ఆ చప్పుడే సగం ఆదివారం మాకు.
నూనె పైకి తేలిందాకా
పొయ్యి కాడ నుంచి కదల్లేదు.
పక్కింటి రెడ్డెమ్మ గోడ మీంచి తొంగిచూసి
"ఏందే, పొట్టేలా?" అనింది.
నేను మూత తియ్యలేదు.

ఆఖర్న ఒక పని చేసినాను.
ఆ చలిలో కాయ ముప్పై రూపాయలైనా
వేలెడేసి మునక్కాయ ముక్కలు కోసి
పులుసులో వేసినాను, మామ కోసం.

సంగటి ముద్దకు నడిమధ్యన గుంట చేసి
పులుసు పోసినాను.
ఎవరూ మాట్లాడలేదు.
మా ఇంట్లో పొగడ్త అట్నే ఉంటాది.
మామ మునక్కాయ అందుకుని
మూలిగ బొమికను కొట్టినట్టే
పళ్ళెం అంచుకు టక్ టక్ కొట్టి
ఒక కన్ను మూసుకుని చీకినాడు.

పైవరసలో నాలుగే పళ్ళు ఆయనకు.

చేతిలో గరిటె అట్నే ఉండిపోయింది.
ఆ కుప్పల్లో బొమికలతో పాటు
నమల్లేక పక్కకు నెట్టిన ముక్కలూ ఉండేవి.
వారం వారం ఎత్తి పారబోసిన చేతులు నావే.
ఎత్తు చూసి మురిసినాను గానీ
ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

తిన్నాక ఆ పీచు కుప్ప
వీధి చివర వేసినాను.
కుక్క పరిగెత్తుకొచ్చి, వాసన చూసి,
తలెత్తి నన్ను చూసింది.
దానికొక్కదానికే
ఏం చెప్పాలో తోచలేదు.

లోపల్నుంచి మామ గొంతు:
"వచ్చే ఆదివారం ఇంకో రెండు మునక్కాయలు ఎక్కువెయ్యి బిడ్డా.
మటన్ తెచ్చినా సరే,
దాంట్లో వేసెయ్."