పడుగు పదహారు, పేక పందొమ్మిది

రోహాంప్టన్‌లో జూన్ వాన.
క్వాలిఫయింగ్ ఆటలకి గ్యాలరీ ఉండదు,
మడత కుర్చీలు, గొడుగులు, ఎవరిదో కుక్క.
గుడారంలో నా మెషీను:
పడుగు పదహారు, పేక పందొమ్మిది,
రోజుకి ముప్ఫై రాకెట్లు.

లెయొనోర్ బయెస్తా సంచీ విప్పితే
బల్ల మీద ఎర్రమట్టి రాలేది.
అల్బసేతె నుంచి మోసుకొచ్చిన దుమ్ము,
ఈ పచ్చిక మీద చెల్లదు.
బాగున్నావా అని నేనెవర్నీ అడగను,
బిగువెంత అని అడుగుతాను.

మొదటేడు ఇరవై ఆరు కిలోలు.
"ఇంకా లాగు" అంది, పంతొమ్మిదేళ్ళ పొగరు.
ఆ ఏడు మూడాటలూ గెలిచి
పెద్ద గేటు దాటింది.
పేపర్లో ఫొటో, పేరులో ఒక అక్షరం తప్పు.
తర్వాత ఇరవై ఐదు. మోకాలు.
ఇరవై మూడున్నర దగ్గర నాలుగేళ్ళు ఆగింది;
హోటల్ మానేసి ఎవరింట్లోనో సోఫా మీద పడుకునేది,
తీగలు తనే తెచ్చుకునేది, పొట్లం కట్టి.
భుజం సంగతి నాకెవరూ చెప్పలేదు.
ఇరవై ఒకటి అని రాసుకున్నప్పుడు
నా పెన్సిలుకి తెలిసింది.

నిన్న ఓడిపోయింది, ఆరు-నాలుగు, ఏడు-ఆరు.
ఇవాళ వచ్చింది, జుట్టు ఇంకా తడి.
"ఎంతకి?" అన్నాను.
"కోసెయ్. మళ్ళీ కట్టకు."

కోతకీ ఓ పద్ధతుంది:
నడిమధ్య మొదలెట్టి అంచులకి రావాలి,
లేకపోతే చట్రం మెలి తిరుగుతుంది.
ఆమెకి తెలుసు.
కత్తెర తనే అందుకుంది.

టంగున తెగింది మొదటి పోగు.
బల్ల మీద ఈసారి
గడ్డిపరకలు రాలాయి.
"ఎంతివ్వాలి?" అంది.
బోర్డు చూశాను.
కట్టడానికే రేటు రాసుంది.