తొడిమలు

మిర్చి యార్డు వెనక గేటు దగ్గర
మస్తాన్‌బీ నాకు తొడిమలు అమ్మదు.
"చెత్తకి డబ్బులేంటే, తీసుకుపో" అంటుంది.
గోనె మాత్రం తిరిగి తెచ్చివ్వాలి.

స్కూటీ ముందర గోనె.
నంబూరు చేరేసరికి మూడు తుమ్ములు.
వాచ్‌మన్ కోటేసు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని
"వచ్చిందయ్యా ఘాటు డాక్టరు" అని గేటు తీస్తాడు.
ఇంకా డాక్టర్ని కాలేదు.
నాలుగో ఏడు.

కడిగి, ఎండేసి, దంచి, జల్లించి
పింగాణీ పడవలో పోసి కొలిమిలోకి తోస్తాను.
ఆర్గాన్ నెమ్మదిగా ఊదుతూ ఉంటుంది.
గాలి తగిలిందా, బూడిద.
తగల్లేదా, బొగ్గు.
నాలుగేళ్ల చదువులో నాకు ఖాయంగా తెలిసింది ఇదొక్కటే.
మర్నాడు తీసి చూస్తే
ఏ వాసనా లేని నలుపు.
గుంటూరు ఘాటంతా ఎటు పోయిందో
పొగగొట్టానికే తెలియాలి.

ఎంత నిల్వ ఉంటుంది, అంటారు సారు.
నిల్వ సంగతి ఈ ఊరికి ఒకరు చెప్పాలా!
ధర రాక, దిగులు పోక
కోల్డ్ స్టోరేజీల చలిలో కూర్చున్న బస్తాలెన్ని
ఈ బైపాస్ పొడుగునా!
నా బొగ్గు పొరల్లోనూ అంతే,
సోడియం దూరి కూర్చుంటుంది
(ఉప్పులోదే, నిజాంపట్నం మళ్లలో తెల్లగా మెరిసేదే).
పిలిచినప్పుడు బయటికి రావాలి.
చిక్కంతా అక్కడే.
మొదటి విడతలోనే వందకి ముప్పై
లోపలే ఉండిపోతాయి,
అప్పు తీసుకున్న చుట్టాల్లా మొహం చాటేసి.

చొక్కా గుండీ అంత సెల్లు.
నూట పన్నెండు సార్లు నిండింది, ఖాళీ అయింది.
తెర మీద గీత కిందికి జారకుండా నడుస్తోంది.
నేను టీ కూడా తాగకుండా కాపలా.
నూట పదమూడు దగ్గర
కరెంటు పోయింది.

కరెంటు దాచే విద్య నేర్చే గదిలో
కరెంటు లేదు.
యూపీఎస్ కోసం పెట్టిన అర్జీ
ఆఫీసు బీరువాలో రెండో వేసవి గడుపుతోంది.
చీకట్లో ముందు నవ్వొచ్చింది,
తర్వాత తుమ్మొచ్చింది.

పోయిన శుక్రవారం
రెండు గుండీలు కలిపి చిన్న ఎర్రబల్బుకి తగిలించి
యార్డుకి పట్టుకెళ్లాను.
ఎర్రటి గుట్టల పక్కన
ఆవగింజంత ఎరుపు, ఎండలో కనపడనే లేదు.
మస్తాన్‌బీ దాని మీద దోసిలి కప్పింది.
రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని పడుకునే వేళ్లు అవి.
వేళ్ల సందుల్లోంచి తొంగి చూసి
"ఇది మన తొడిమేనా?"
అవునన్నాను.
"మరి మంట పెట్టదే?"

పదకొండు నిమిషాలు వెలిగింది.
ఆరిపోయాక కూడా ఆమె చేతులు తీయలేదు కాసేపు.
"పొద్దుట్నించీ ఎన్ని తుంచుతానో
ఎప్పుడూ లెక్కెయ్యలా" అని
మళ్లీ కాయ అందుకుంది.

నేను సంచి సర్దుకుని నాలుగడుగులు వేశానో లేదో
వెనకనించి కేక:
"గోనె తేలేదు నువ్వు!"