పదమూడు జతల చెప్పులు

శుక్రవారం జెండా పండగ, శనివారం కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం.
క్యాలెండర్లో వరసగా మూడు ఎర్ర గళ్ళు చూసి
నిద్రపోవచ్చనుకున్నాను.
అవే గళ్ళు కనిగిరిలోనూ కనబడతాయని,
చీరాలలోనూ, కందుకూరులోనూ,
నాకు తట్టలేదు.

గురువారం రాత్రి పదింటికి మొదటి ఆటో.
మర్నాడు మధ్యాహ్నానికి
మంగమూరు డొంకలో మా రెండు గదుల వాటా ముందు
పదమూడు జతల చెప్పులు.
వాటిని లెక్కపెట్టే బియ్యం కొలిచాను.

ఎవరి కాఫీలో చక్కెర వద్దో,
పెరుగు పులిస్తే ఎవరికి కడుపుబ్బరమో,
శనివారాలు వెల్లుల్లి ఎవరు ముట్టరో,
నా బుర్ర పోస్టాఫీసులో నేను సర్దే అరల్లా నిండిపోయింది.
ఏ అరలోనూ నా పేరున ఉత్తరం లేదు.

భ్రమరాంబ వదిన పోపులపెట్టె సర్దింది, మంచికే.
అప్పట్నించీ జీలకర్ర దొరకలేదు.
పిల్లలు దిండ్లతో కోట కట్టి
లోపల కూచుని ఉప్మా తిన్నారు.
కనిగిరి పెదమామ మాలకొండయ్య
తాగి వదిలిన గ్లాసులన్నీ ఏరి
అడుగున మిగిలిన నీళ్ళు చెంబులోకి వంచి
"ఎవురమ్మా ఇది సగం వొదిలింది?" అని
గదిగదికీ పోయి పంచాయితీ పెట్టాడు.
మూడుసార్లు నవ్వాను.
నాలుగోసారి వంటింట్లోకి పోయి
గరిటెతో గిన్నెను గట్టిగా కలిపాను.
గిన్నెలో ఏమీ లేదు.

శనివారం సాయంత్రం మోటారు కాలిపోయింది.
కార్పొరేషను నీళ్ళు మళ్ళీ సోమవారమే.
కొళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది.
సింకు నిండా కంచాలు,
వాటి మీద ఎండిపోతున్న గోంగూర మెతుకులు.
నేల మీద చతికిలబడ్డాను.
ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి.

ఎవరు ఫోన్ చేశారో, కింద ట్యాంకరు హారను కొట్టింది.
తర్వాత మెట్ల మీద చప్పుడు.

రెండంతస్తులు. ముప్పయ్యారు మెట్లు.
అడుగున చీరాల మరిది, పంచె ఎగ్గట్టి.
వాడి పైన వాడి కూతురు, చెంబు కంటే పెద్దది మొయ్యలేని పిల్ల,
మలుపులో పక్క వాటా కుర్రాడు, పేరు ఇప్పటికీ తెలీదు,
ఆ పైన, మెట్టు మీద కూచుని,
వంగని మోకాళ్ళు బారజాపుకుని,
ఊరి బోరునీళ్ళు ఎముకల్లో గడ్డకట్టిన మనిషి,
మాలకొండయ్య మామ.
నిలబడలేడు. బిందె అందుకోగలడు.
కింది చేతుల్లోంచి తీసుకుని పై చేతుల్లో పెడుతున్నాడు,
నిద్రపోయిన పసిబిడ్డను చేతులు మార్చినట్టు.
అందరి దగ్గరా తొణికింది.
ఆయన కూచున్న మెట్టు ఒక్కటే పొడిగా ఉంది.

అన్నిటికంటే పైన, గుమ్మంలో, నేను.
బిందె కంటే ముందు వదిన గాజుల చప్పుడు వచ్చేది,
దాని వెనక వదిన ఆయాసం,
దాని వెనక నీళ్ళు.
రెండు రోజులుగా నోళ్ళు లెక్కపెడుతున్నాను.
చేతులు లెక్కపెట్టడం అదే మొదలు.
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు.
ఇంత చిన్న ఎక్కం ఎట్లా మర్చిపోయానో.

డ్రమ్ము నిండింది.
"వదినా, టీ!" అని కింద నుంచి ఎవరో అరిచారు.
మళ్ళీ నేనే.
అబద్ధమెందుకు, నడుం నొప్పి అట్లాగే ఉంది,
ఆదివారం మొత్తం మిగిలే ఉంది,
జీలకర్ర ఇంకా దొరకలేదు.

రాత్రి, దుప్పట్లు చాలక
ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని నిద్రపోయాక
మామకి గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళాను.
ఎత్తి పోసుకుని సగం తాగి
గ్లాసు నా చేతికే ఇచ్చాడు.
"మిగతాది నువ్వు తాగమ్మా, పారబొయ్యమాక.
పొద్దుట్నించీ నువ్వు నీళ్ళు తాగినట్టు నేను జూళ్ళా."

ఆయన చూస్తున్నాడని నాకు తెలీదు.

ట్యాంకరు నీళ్ళు, కాస్త తుప్పు వాసన.
అక్కడే, చీకట్లో, నిలబడి తాగాను,
అడుగుదాకా.