కత్తి ఎత్తే చోటు

పదకొండో కిలోమీటరు రాయి దాటి
ఎడమ పక్కన పసుపు కర్ర కనబడగానే
క్లారీ ట్రెలోర్ చెయ్యి దానంతటదే లీవర్ మీదికి పోయేది.
గ్రేడర్ కత్తి జానెడు లేచేది.
నలభై అడుగులు ఉత్త గాలిని దున్నుకుంటూ పోయి
మళ్ళీ మట్టిలో దిగేది.

వెనక బండిలో నేను,
ఆయన లేపిన దుమ్మంతా నా వాటా.
"ఎందుకెత్తావ్?" అన్నాను రేడియోలో, మొదటి రోజు.
"దిగి చూడు. కాళ్ళు జాగ్రత్త."

దిగాను.
మోకాలి కింద ఆగిపోయిన పొదలు.
ఆకులట అవి. ఎవరో చెబితే తప్ప తెలియదు,
పుల్లలకి అంటుకున్న గోటి ముక్కలనుకుంటాం.
పైన మాత్రం
దర్జీ కొట్టులో ఇంకా ఊడవని నేలలా
పసుపు పోగులు, కుచ్చులు, కుచ్చుల్లో కుచ్చులు,
ఒక్కో రేకు అంచునీ చీల్చి, దువ్వి,
ఇక చాల్లే అని వదిలేసినట్టు.
ఈకపూలంటారు ఇక్కడ.
అన్నీ ఉన్నాయి, పిట్ట ఒక్కటే తక్కువ.

రోడ్డుకి అటూ ఇటూ గోధుమ.
కంచె నుంచి కంచెకి, ఆకాశం మొదలు దాకా గోధుమే.
గోధుమకీ రోడ్డుకీ నడుమ
ఎవరూ లెక్కలోకి రాయని రెండు బారల ఇసుక,
అదీ వీటి దేశం.
పొడవుకి లోటు లేదు. వెడల్పే లేదు.

షైర్ ఆఫీసులో డోరీన్ కాపింజర్ అసలు పేరు చెప్పింది:
వెర్టికోర్డియా. లాటిన్‌లో
గుండెని తిప్పేది అని అర్థమట.
క్లారీ థర్మాస్ మూత బిగిస్తూ అన్నాడు,
"కత్తి తిప్పడానికే నాకు రెండు లీవర్లు కావాలి.
గుండెకి ఎన్నో."

ఆ మధ్యాహ్నమే చెప్పాడు.
ఉద్యోగంలో మొదటి చలికాలం. అప్పటికి కర్ర లేదు.
వాన కోసిన గాడి పూడ్చాలని
ఈ నలభై అడుగులూ అద్దంలా గీకేశాడు.
వెనక్కి చూసి, పని శుభ్రంగా ఉందనుకున్నాడు.
అక్టోబరులో ఈడిత్ మల్లార్డ్ వచ్చింది,
బడి బస్సు నడిపి రిటైరైన మనిషి,
ఏటా వచ్చి దారం కట్టి పొదలు లెక్కపెట్టేది.
తిట్టలేదు.
నోటు పుస్తకంలో సున్నా రాసి
ఆయన వైపు తిప్పి చూపించి
కారెక్కి వెళ్ళిపోయింది.

"తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి."

రెండేళ్ళకి డిపోకి ఫోను:
"వచ్చి చూడు, ట్రెలోర్."
గీకిన మేరే, సరిగ్గా కత్తి వెడల్పునే
మొలకలు. పసివాడి నెత్తిన జుట్టులా.
నూట ముప్పై దాకా లెక్కపెట్టి
ఆవిడ నడుం పట్టుకుని కూలబడిందట.
ఇసుకలో ఎన్నేళ్ళుగా పడుకున్న గింజలో,
కత్తి గీరితే గానీ లేవలేదు.

"అయితే ఏటా గీకొచ్చుగా?" అన్నాను.
టీ మడ్డి పారబోశాడు.
"నేనూ అదే అడిగా.
ఏటా గీకితే ఒక్కటీ పూయదంది.
ఎప్పుడూ గీకకపోతే ఒక్కటీ మొలవదంది.
ఎప్పుడు గీకాలో మాత్రం చెప్పలేదు.
ఆవిడకీ తెలియదేమో."
కాసేపాగి,
"తెలిసేదాకా ఎత్తుతున్నా" అన్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఎత్తాడు.

ఇప్పుడు ఆ సీటు నాది.
పాత స్పాంజిలో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది,
నాకు కాస్త పెద్దది.
మోకాలి ఆపరేషనై క్లారీ బన్‌బరీలో కూతురి దగ్గరున్నాడు.
ఈడిత్ లేదు. ఆవిడ పుస్తకం ఎటు పోయిందో
డోరీన్ బీరువాలన్నీ వెతికినా దొరకలేదు.

ఇవాళ ఒక్కదాన్నే.
పదకొండో రాయి. కర్ర కొంచెం వంగింది.
పొదలు ముసలివయ్యాయి.
నడుముల్లో చేవ తప్ప పచ్చదనం లేదు,
పసుపు చివర్లకి పాకి, పలచబడి,
నిరుటి పూలు బూడిదరంగులో రాలకుండా అలాగే.
కింద ఇసుక నున్నగా ఉంది.
ఒక్క మొలకా లేదు.
చెయ్యి లీవర్ మీదే ఉంది.
ఇంజను ఉరుముతోంది. వెనక ఎవరూ లేరు.

ఎత్తాను.

లాగ్ పుస్తకంలో రాశాను:
కి.మీ. 11. నలభై అడుగులు. కత్తి ఎత్తడమైనది.
దాని కింద, పెన్సిలుతో, చిన్నగా:
ముసలివి. వచ్చే ఏడు ఆలోచించాలి.