మూరెడు పచ్చిక

ఇక్కడ గడ్డి మొలవదు.
ఎర్రమట్టి, దాని మీద
గనులు కక్కిన తెల్లటి గుట్టలు,
గుట్టల మధ్య పద్దెనిమిది జెండాలు.
ఒక్కో జెండా చుట్టూ
నూనె పోసి చదును చేసిన నల్లటి ఇసుక.
దాన్ని గ్రీన్ అంటారట.
నేను నవ్వాను.
కలియోపి నవ్వలేదు.

పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ముద్రలు గుద్దిన మనిషి.
డెబ్బై ఒకటో ఏట కూడా ఆమె మణికట్టు
నూనె వేసిన తలుపులా తిరుగుతుంది.
నా చంకలో ప్లాస్టిక్ పచ్చిక ముక్క ఒకటి పెట్టింది,
గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా అంత.
"బంతి పడ్డ చోట పరుచు.
దాని మీంచి కొట్టు. మళ్లీ చంకన పెట్టుకో.
ఈ ఊళ్లో ఎవరి పచ్చిక వాళ్లే మోసుకోవాలి, డ్రాగుటిన్."

పగలు నలభై ఆరు డిగ్రీలు.
అందుకని రాత్రిళ్లు ఆడతాం,
చీకట్లో వెలిగే బంతులతో.

ఓపల్ రాళ్ల కోసం నలభై ఏళ్లు తవ్విన చేతులు నావి.
గునపం పట్టినట్టే కర్ర పట్టాను.
"గొంతు నులమకు," అంది.
"కోడిపిల్ల అనుకో. పారిపోకూడదు, చావకూడదు."

మొదటి దెబ్బ గాలికి.
రెండోదీ గాలికే.
మూడోదానికి పచ్చిక ముక్క లేచి
నాలుగు గజాలు ఎగిరిపోయింది.
బంతి మాత్రం ఉన్నచోటే,
అన్నం వద్దని అలిగిన పిల్లలా.

"ఎందుకు తవ్వుతావు?"
వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

ఏం చెప్పను?
కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతారే,
కొన్నేళ్లు నాకు ఆ ఎలుకైనా దొరకలేదు.
ముప్పై అడుగుల లోతున, గోడకు ముఖం ఆనించి,
ఈ దెబ్బకైనా రంగు మెరుస్తుందేమోనని
ఊపిరి బిగబట్టి కొట్టాను ప్రతి దెబ్బా.
ఆ గోడ దుమ్ము ఇప్పుడు నా ఛాతీలో ఉంది.
నాలుగు మెట్లెక్కితే ఈల వేస్తుంది.

నడవమన్నాడు డాక్టరు.
ఎక్కడ నడవను, ఊరి చుట్టూ మూత లేని గోతులే కదా అన్నాను.
"గోల్ఫ్ మైదానంలో గోతులు పద్దెనిమిదే," అన్నాడు,
"వాటిలో మనిషి పట్టడు."

వారానికి మూడు రాత్రులు.
తల ఎత్తకు, అంటుంది కలియోపి.
ఎటు పోయిందో చూడాలన్న ఆత్రమే
బంతిని పక్కకు తోస్తుంది.
కొట్టాక ఒకటి, రెండు అని లెక్కపెట్టు.
అప్పుడు చూడు.

మందు వత్తికి నిప్పంటించి
గుండెలో అంకెలు లెక్కపెడుతూ పరిగెత్తినవాణ్ణి.
ఆ రెండంకెలే నాకు రాలేదు
రెండు నెలలు.

ఏప్రిల్‌లో, గాలి లేని ఒక రాత్రి,
కర్ర దిగింది, పోయింది.
చేతికి ఏమీ తగల్లేదు.
మళ్లీ గాలేననుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేదు.
ఒకటి.
రెండు.
పాదాల దగ్గర పచ్చిక ఖాళీగా ఉంది.

అప్పుడు చూశాను.
పచ్చని నిప్పురవ్వ, నీలి అంచుతో,
గోడ లేకుండా, బరువు లేకుండా,
చుక్కల కింద నుంచి పోతూ పోతూ.
అది రాయిలో ఉంటే
వేలు పెట్టి కొనేవారు.

"ఎనభై గజాలు," అంది కలియోపి.
"తప్పు దిక్కు."

తెల్లగుట్టల వెనక బంతి దొరకనే లేదు.
నాలుగు డాలర్లు నా ఖాతాలో రాసింది,
ఆ గోతికి పదమూడు దెబ్బలని కూడా రాసింది.
ఎన్నిట్లో వేయాలి అని అడిగితే
మూడు, అంది, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ.
"పచ్చిక మర్చిపోయి వచ్చావు. వెళ్లి తెచ్చుకో."

టార్చిలైటుతో వెనక్కి నడిచాను.
కాస్త ఎత్తుగానే ఉంటుంది అక్కడ నేల.
ముక్కను దులిపి చంకన పెట్టుకున్నాక తోచింది,
ఈల వినపడలేదని.
నేనే నా అడుగులు వింటూ ఉండిపోయానేమో.